దీపం కంటే ముందు గుప్పెడు బొరుగులు

2023, అక్టోబరు చివరి వారం. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఊళ్లో నేను ఏఎన్ఎంగా చేరి అప్పటికి రెండేళ్లయింది. ఏఎన్ఎం అంటే ఊళ్లో గర్భిణులను నమోదు చేసి, బరువు, బీపీ, రక్తం చూసి, టీకాలు వేసి, అవసరమైనవాళ్లను పెద్దాసుపత్రికి పంపే నర్సు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను.

నాకు నలుగురిలో మాట్లాడాలంటే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. అందుకని ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకొని బట్టీపట్టాను. వేవిళ్లతో వచ్చినవాళ్లకు చెప్పేవి తొమ్మిది వాక్యాలు. లేవగానే, మంచం దిగకముందే ఏదైనా పొడిగా తినండి. రెండు గంటలకొకసారి కొంచెం కొంచెం తినండి. తింటూ నీళ్లు తాగకండి, మధ్యలో గుటక గుటకగా తాగండి. ఇలా సాగేవి. ఆ వాక్యాలలో తప్పేమీ లేదు. ఎవరికి చెప్పినా "సరే మేడం" అని తలూపేవాళ్లు. నా పని అయిపోయిందని అనుకునేదాన్ని.

మహాదేవి కూడా అలాగే తలూపింది.

ఆమెకు ఇరవై ఏళ్లు. ఎనిమిదో తరగతి దాకా చదివింది. భర్త నాగరాజు ఆదోనిలో పత్తి మూటలు మోసే హమాలీ. మొదటిసారి క్లినిక్‌కు వచ్చినప్పుడు రెండో నెల నడుస్తోంది, బరువు నలభై నాలుగున్నర కిలోలు. నేను అడిగినవాటికి జవాబులన్నీ ఆమెతో వచ్చిన అత్త ఉరుకుందమ్మే చెప్పింది. అంతకుముందు ఏడాది మిరప సుగ్గికి గుంటూరు వైపు పోయినప్పుడు మూడో నెలలో ఒక గర్భం పోయిందట. సుగ్గి అంటే మా వైపు ఊళ్లకు ఊళ్లు పిల్లాజెల్లాతో కోతలకు తరలిపోవడం.

"ఆడ చేన్లోనే కడుపు నొప్పి అనె. ఆటో ఎక్కించుకొని ఆసుపత్రికి పోయేలోపల అంతా అయిపాయ. ఈసారి నేను ఇడ్సను మేడం. ఏమేం సెయ్యాల్నో అన్నీ సేస్తా" అంది ఉరుకుందమ్మ, నా బల్ల మీద చేయి ఆనించి.

నేను నా తొమ్మిది వాక్యాలు చెప్పాను. మహాదేవి నేల చూస్తూ "సరే మేడం" అంది.

వారం తర్వాత బరువు నలభై మూడుకు దిగింది. పెదాలు ఎండిపోయాయి. మూత్రం చిక్కటి టీ రంగులో ఉంది. ఆ రోజే మా పీహెచ్‌సీకి, అంటే మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, తీసుకువెళ్లాను. మూత్రంలో కీటోన్లు ఒక ప్లస్ వచ్చాయి. తిండి అందక ఒళ్లు తన కొవ్వును తానే కాల్చుకుంటున్నప్పుడు కనిపించేవి అవి. డాక్టరమ్మ రాత్రి పడుకునే ముందు వేసుకోమని ఒక మాత్ర, ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చింది. బయటికి వచ్చాక నాతో విడిగా చెప్పింది.

"నీళ్లు నిలుస్తున్నాయి కాబట్టి ఇంటికి పంపుతున్నా. వచ్చే సోమవారం మళ్లీ చూపించు. నీళ్లు కూడా నిలవకపోయినా, పూటంతా మూత్రం రాకపోయినా, కళ్లు తిరిగి పడినా, సోమవారం దాకా ఆగొద్దు. నేరుగా ఆదోని ఆసుపత్రిలో చేర్చు."

ఈ మాట నేను చెప్పగానే ఉరుకుందమ్మ మొహం మారిపోయింది. "ఆదోనికా? ఆ గుంతల రోడ్లో ఆటోలోనా? పోయినసారి ఆటోలోనే పాయ మేడం. నేను ఎక్కియ్యను."

"అవసరమైతే ఎక్కించాల్సిందే" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

ఇంటికి వచ్చి డైరీ తెరిచాను. నేను ఎమ్మిగనూరులో మా ఇంట్లోనే ఉంటాను. నాన్న మగ్గం చప్పుడు ఆగిన తర్వాత రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ రోజు రాస్తూ ఒకచోట ఆగాను. 'సరే మేడం అంది' అని రాశాను. వారం కిందటి పేజీ తిప్పితే అక్కడా అదే ఉంది. నన్ను ఎవరైనా గట్టిగా ఏదైనా చెబితే నేనూ "సరే" అంటాను. ఎక్కువసార్లు అది ఒప్పుకోలు కాదు. ఎదుటివాళ్లు ఇక మాట్లాడటం ఆపాలని అనే మాట. మహాదేవి ఇంట్లో పొద్దున లేచినప్పటి నుంచి ఏం జరుగుతోందో నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగినా ఆ పిల్ల అత్త ముందర చెప్పదు. కానీ మాట పెగలనివాళ్లు కొందరు రాస్తారు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

మరుసటి రోజు, మంగళవారం, వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొని మహాదేవి చేతికిచ్చాను. "ఎప్పుడు లేచావు, ఏం పని చేశావు, ఏం తిన్నావు, నిలిచిందా లేదా, టైముతో సహా రాయి. రాత బాగుండక్కర్లేదు. నేను తప్ప ఎవరూ చూడరు" అన్నాను. మొదటిసారి ఆమె తలెత్తి నన్ను చూసింది.

ఊరి ఆశా కార్యకర్త సుంకులమ్మ పక్కనే ఉంది. ఇంటింటికీ తిరిగి మా కబురు వాళ్లకు, వాళ్ల కబురు మాకు చేర్చేది ఆమే. "మా మేడం మాత్తర్లు అయిపోతే నోటుబుక్కులు పంచుతాది" అని నవ్వింది. నవ్వినా, నాలుగు రోజులూ రోజుకు రెండుసార్లు వాళ్లింటికి పోయి, నీళ్లు నిలిచాయా, మూత్రం వచ్చిందా అని అడిగి నాకు ఫోన్ చేసింది ఆమే.

శుక్రవారం మధ్యాహ్నం మహాదేవి నోటుబుక్కును కొంగులో దాచుకొని క్లినిక్‌కు తెచ్చింది. ఆ రోజుకు దాన్ని నా దగ్గరే ఉంచుకొని, ఆమె రాసింది రాసినట్టే నా డైరీలోకి ఎక్కించుకున్నాను.

'మంగళారం. సాయంత్రం కక్కలేదు. రొట్టె ముక్క తిన్నా.

బుదారం. 5కు లేసినా. పండ్లు తోముతాంటే కక్కినా. పసరు. కొళాయి వచ్చింది. ఆరున్నరకు దీపం. బొరుగులు తిన్నా. నిలిచింది. మద్యానం అన్నం సగం.

బేస్తారం. 5కు లేసినా. కక్కినా. నీళ్లు రాలే. బోరుకాడికి పోయినా. 3 బిందెలు. బోరుకాడ మల్లా కక్కినా. 9కి దీపం. తిన్నింది నిలవలే. సాయంత్రం దాకా కక్కతానే ఉన్నా.

శుక్రారం. కొళాయి వచ్చింది. ఆరున్నరకు దీపం. బొరుగులు తిన్నా. కక్కింది ఒగసారే.'

బొరుగులంటే మరమరాలు, బేస్తారమంటే గురువారం. మా వైపు కొళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. అదీ వస్తే. కొళాయి వచ్చిన రోజు మహాదేవి ఒళ్లు కొంచెం కుదురుగా ఉంది. రాని రోజు పూర్తిగా చెడుతోంది. మూడు పొద్దుల రాత అంతే. కానీ పొద్దుటి తిండి మాట ప్రతిసారీ 'దీపం' అన్న మాట తర్వాతే వస్తోంది.

"ఈ దీపం ఏమిటి మహాదేవీ?"

ఆమె చాలాసేపు గోరుతో అట్ట గీకింది. "అత్త మొక్కుకుండాది మేడం. బిడ్డ నిలవాలని. పొద్దున్నే తలకు పోసుకొని ఈరన్న సామికి దీపం పెడతాది. దీపం చూసేదాకా నేను మెతుకు ముట్టకూడదు. నీళ్లు కూడా."

"నీళ్లు రాని రోజు?"

"బోరుకాడ నుంచి నేను తెస్తే అత్త తలకు పోసుకుంటాది. ఆ పొద్దు ఆలస్యం."

"మరి లేవగానే తినమని నేను చెప్పినప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు అంత బాగా సెప్తాండారు కదా మేడం" అంది. "మద్యలో ఎట్ల సెప్పేది?"

రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుతో లేచి, పళ్లు తోముతూ పసరు కక్కి, ఆ ఖాళీ కడుపుతోనే మూడు బిందెలు మోసి, ఇంకో గంట కాచుకోవడం. వేవిళ్లను ఖాళీ కడుపు రెచ్చగొట్టినట్టు మరొకటి రెచ్చగొట్టదు. బిడ్డ నిలవాలని మొక్కిన మొక్కే తల్లిని నిలవనివ్వడం లేదు. అది మొక్కినావిడ మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు. ఆమె చేతిలో ఉన్నదంతా ఆమె చేస్తోంది.

మరుసటి రోజు శనివారం. లెక్క ప్రకారం కొళాయి రాని రోజు. ఎమ్మిగనూరులో మొదటి బస్సు ఎక్కి, రోడ్డు మీద దిగి, పాలవాడి బండి వెనక కూర్చొని, తెల్లవారుతుండగా వాళ్లింటికి చేరాను. చెప్పాల్సిన మాటలు ఒక చీటీ మీద రాసుకొని గుప్పెట్లో పెట్టుకున్నాను. మహాదేవి అప్పుడే బోరు దగ్గర నుంచి మొదటి బిందెతో వచ్చి, దించి, గోడ పట్టుకొని నిలబడింది. ఉరుకుందమ్మ తల విరబోసుకొని స్నానానికి సిద్ధంగా ఉంది. చప్పుడు విని సుంకులమ్మ కూడా పక్కింటి నుంచి వచ్చింది.

"ఏం మేడం, ఇంత పొద్దున్నే యాడికి?" అంది ఉరుకుందమ్మ.

"మీ ఇంటికే పెద్దమ్మా" అని చీటీ విప్పాను. చెమటకు అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఏంది అది, పరీచ్ఛ రాసేకి వచ్చినావా?"

సుంకులమ్మ కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాలనుకున్నాను, రాలేదు. "మీ కోడలు లేవగానే ఏదైనా తినాలి పెద్దమ్మా. దీపం దాకా ఆగితే ఆమెకు..."

"పెండ్లి కాని పిల్లవి. వేవిళ్ల సంగతి నీకేం తెలుసు? నేను ముగ్గుర్ని కన్నా. పోయినసారి మొక్కలే, అందుకే పోయింది. ఈసారి మొక్కు తప్పి, మల్లా ఏమన్నా అయితే నువ్వు వచ్చి నిలబెడతావా?"

అలా మొదటి నెలల్లో పోయేవాటిలో చాలావరకు తల్లి చేసిన తప్పు వల్లనో, చేయని మొక్కు వల్లనో పోవని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. ఆమె వినలేదు. తిరిగి వెళ్లిపోదామని నాకు గట్టిగా అనిపించింది. గోడ పట్టుకొని ఉన్న మహాదేవి వైపు చూశాను. "చదవనా?" అని అడిగాను. ఆమె తలూపింది. ఈసారి నా కళ్లలోకి చూసి ఊపింది.

చీటీ పడేసి, సంచిలోంచి నోటుబుక్కు తీసి బేస్తవారం పేజీ చదివాను. 'బోరుకాడ మల్లా కక్కినా' అన్న దగ్గర ఉరుకుందమ్మ చేయి ఎత్తింది.

"బోరుకాడ కక్కినావా?" అంది కోడలితో.

"ఊఁ."

"మూడు బిందెలప్పుడూనా?"

"రెండో బిందెకు అత్తా. మూడోది తెచ్చేటప్పుడు కండ్లు తిరిగె. కూసుండి వచ్చినా."

"నాకు సెప్పలేదే?"

"నువ్వు బిడ్డ కోసరమే కదా సేస్తాండావు" అంది మహాదేవి. ఏడవలేదు. చాలా మామూలుగా అంది.

ఉరుకుందమ్మ అరుగు మీద కూర్చుంది. విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంది. తర్వాత ఆమె తనలో తాను అన్నట్టు మొదలుపెట్టింది.

"నాగరాజు కడుపులో ఉన్నెప్పుడు మేము పత్తి తీసేకి పోతాంటిమి. మా అత్త ఉన్నె సూడు, అబ్బబ్బ! ఇంట్లో అందరూ తినిందాకా నాకు మెతుకు లేదు. నేనేం సేస్తాంటి? రేత్రే ఇన్ని బొరుగులు సీర సెంగులో ముడేసుకొని పండుకుంటాంటి. కోడి కూయకముందే కప్పుకొని లోపల్లోపలే నములుతాంటి. సప్పుడు కాకుండా నానబెట్టి మింగాల నోట్లోనే."

"అయ్యో, నీ అత్తకు తెలిసిండ్లేదా?" సుంకులమ్మ అడిగింది.

"సచ్చేదాకా తెలిసిండ్లే" అంది ఉరుకుందమ్మ. చెప్తూనే నవ్వు వచ్చింది ఆమెకు. నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది. "తింటే నిలుస్తాంటె. నిజమే. నేనే మరిసిపోయినా."

లేచి లోపలికి పోయి గుప్పెడు బొరుగులు తెచ్చి కోడలి చేతిలో పోసింది. "నేను దొంగగా తిన్నింది, నువ్వు దొరగా తిను. మొక్కింది నేను. పస్తు నేనుంటా. సామికి కోపమొస్తే నన్నే అడగమను, నేను సెప్పుకుంటా." అంతలోనే నా వైపు తిరిగి వేలు చూపించింది. "అయితే ఒగటి మేడం. పాచినోట్లో మెతుకు పెడితే మాత్రం ఒప్పుకోను. ఎన్ని సదివినా ఆ మాట సెప్పొద్దు."

ఆ అడ్డంకి నా కాగితంలో ఎక్కడా లేదు. మా ఇళ్లలో ముఖం కడగకుండా తినడం ఎంత తప్పో నాకు తెలుసు, నేనూ తినను. అయినా రెండేళ్లుగా అందరికీ 'మంచం దిగకముందే తినండి' అని చెప్పుకుంటూ పోయాను. అందరూ 'సరే' అన్నారు. ఎవరు తిని ఉంటారు?

అక్కడే బేరం కుదిరింది. పడక పక్కన చెంబుతో నీళ్లు, ఒక గిన్నె. లేచి కూర్చొని, నోరు మూడుసార్లు పుక్కిలించి గిన్నెలో ఉమ్మితే పాచి పోయినట్టే. బొరుగులు తిని, పావుగంట అలాగే ఒరిగి, ఆ తర్వాతే లేవాలి. పళ్లు తోమడం కడుపులో ఏదైనా పడిన తర్వాత, పళ్లపొడి నాలుక వెనక దాకా పోకుండా. బోరు నీళ్లు నాగరాజు తేవాలి.

"మొగోడు బిందె మోస్తే ఊరు నవ్వుతాది" అని అప్పుడే నిద్ర లేచి వచ్చిన నాగరాజు గొణిగాడు.

"పత్తి మూట మోస్తే నవ్వరు, నీళ్ల బిందె మోస్తే నవ్వుతారా? మోయప్పా, నవ్వేవాళ్లను నేను సూసుకుంటా" అంది సుంకులమ్మ. అతను బైకుకు రెండు ప్లాస్టిక్ క్యాన్లు కట్టుకొని తేవడం మొదలుపెట్టాడు. ఎవరూ నవ్వినట్టు నేను వినలేదు.

అంతటితో అయిపోయిందని చెప్పలేను. ఆ రోజు ఇచ్చిన బొరుగులు పది నిమిషాలకే బయటికి వచ్చేశాయి. ఉరుకుందమ్మ నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. "గుప్పెడు వద్దు, నాలుగు గింజలతో మొదలుపెడదాం. కాసేపాగి మళ్లీ నాలుగు" అన్నాను. ఆ రోజంతా అక్కడే ఉన్నాను. ఒక్కో గుటక నీళ్లు, నాలుగేసి గింజలు. మధ్యాహ్నం మూత్రం వచ్చింది, రంగు కొంచెం పలచబడింది. రాకపోయి ఉంటే 108 పిలవడానికి ఫోన్ చేతిలోనే పెట్టుకున్నాను. ఆ సంగతి ఉరుకుందమ్మకు ముందే చెప్పాను. ఆమె ఈసారి కాదనలేదు.

ఆదివారం ఒక్కసారే కక్కింది. సోమవారం బరువు చూస్తే నలభై రెండు కిలోల ఎనిమిది వందలు. పెరగలేదు, కానీ పట్టుకొని లాగినట్టు దిగిపోతున్నది ఆగింది. కీటోన్లు లేవు. డాక్టరమ్మ కార్డు మీద సంతకం పెడుతూ "ఏం చేశావు?" అని అడిగింది. చెప్పడం మొదలుపెడితే చాలా పొడుగు కథ. "బొరుగులు మేడం" అన్నాను.

తర్వాతి మూడు వారాలు నోటుబుక్కు తన పని తాను చేసింది. తాళింపు వాసన పడిన రోజు అన్నం నిలవలేదని మహాదేవి రాసింది. ఉరుకుందమ్మ పొయ్యి వాకిట్లోకి మార్చింది. బెల్లంతో చిన్న అల్లం ముక్క చప్పరిస్తే బాగుందని రాసింది. శొంఠి కషాయం గొంతు దిగలేదని రాసింది. చేలోకి పోయేవాళ్లు ముల్లెలో కట్టుకునే ఎండు జొన్నరొట్టె, కటకటలాడేది, రెండు గంటలకొక ముక్క ఆమెకు బాగా పట్టింది. నిమ్మకాయ వాసన పని చేస్తుందని నేను చెప్పాను. 'చెయ్యలే' అని రాసి కింద గీత గీసింది. రాత్రి మాత్ర మానకుండా వేసుకుంది. నాలుగో నెల పడేసరికి వేవిళ్లు వచ్చినట్టే పోయాయి. మిరప కోతలకు గుంపు బయలుదేరినప్పుడు నాగరాజు ఒక్కడే పోయాడు. అత్తాకోడళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. ఎండాకాలం చివర ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఏడు వందలు. అంతదాకా ఉరుకుందమ్మ ఒక్క రోజు కూడా దీపం చూడకుండా నీళ్లు ముట్టలేదు.

ఒక మాట మాత్రం రాయకపోతే తప్పవుతుంది. బొరుగులు, అల్లం అందరికీ చాలవు. అదే ఏడు ఇంకొక అమ్మాయికి గుటక నీళ్లు కూడా నిలవలేదు. ఆమె విషయంలో నేను నోటుబుక్కులు పంచుతూ కూర్చోలేదు. ఆ గంటలోనే ఆదోని పంపాను. రెండు రోజులు సెలైన్ ఎక్కితే తేరుకుంది. ఏది ఆగగలదో, ఏది ఆగలేదో తెలుసుకోవడమే మా పనిలో సగం.

పాప పుట్టిన మూడో నెలలో టీకాకు వచ్చినప్పుడు ఉరుకుందమ్మ ఆ నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇంకా సగం ఖాళీ ఉండాది. రాసేకి తావుండాది కదా, ఎవరికన్నా ఇయ్యి మేడం" అంది. నేను మహాదేవి వైపు చూశాను. పాపను భుజాన వేసుకొని ఉంది. "ఇయ్యండి మేడం, సదువుకోనీ" అంది.

ఇప్పుడు నా తొమ్మిది వాక్యాల కాగితం లేదు. వేవిళ్లతో ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను. "మీ ఇంట్లో పొద్దున నువ్వు మొదటి ముద్ద తినేలోపల ఏమేం జరగాలి?" చాలామంది ఏమీ లేదంటారు. అప్పుడు బల్ల సొరుగులోంచి నోటుబుక్కు తీసి బేస్తవారం పేజీ వాళ్ల ముందు పెడతాను.

ఆస్పరి వైపు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చిన ఒక అమ్మాయి మొన్న ఆ పేజీని వేలు పెట్టి చదివింది. చదివి, తలుపు దగ్గర ఉన్న వాళ్ల అత్త వైపు ఒకసారి చూసి, నా వైపు కుర్చీ జరుపుకుంది.

"మాయింట్లో దీపం కాదు మేడం" అంది చిన్నగా. "మాయింట్లో వేరే."

పెన్ను ఆమె చేతికిచ్చాను.